కర్రలో ఇనుము

ఫెర్లాఖ్‌లో నవంబరు. కొండల మీంచి దిగే వేడిగాలికి
ఊరంతా తలనొప్పి.
ఓస్వాల్డ్ కంబళిలో చుట్టి తెచ్చిన తుపాకిని
మిల్కా బల్లమీద రెండు ముక్కలుగా విప్పింది.
కోటు లోపల దాగేలా చేయించిన దొంగవేట సరుకు.
గొట్టాన్ని పక్కకి నెట్టింది, దానితో ఆమెకు పని లేదు.
ఆమె మాటలన్నీ కర్రతోనే.

ఒకరు లక్క పూశారు. ఒకరు పడవల వార్నిష్.
ఎవరో మహానుభావుడు
కిటికీలకు వేయగా మిగిలిన గోధుమరంగు పెయింటు.
వాళ్ల తాతయితే గాజుపెంకుతో గీకేవాడు.
ఆమె చిక్కటి మందు పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి,
కాఫీ తాగొచ్చేసరికి
పాలమీద మీగడలా ముడుచుకుంది రంగు.
పోగు వెంటే తీయాలి,
అడ్డంగా లాగితే కర్ర పగబడుతుంది.

నూనె తాగిన మెడ దగ్గర సుద్దముద్ద మెత్తి
హెయిర్ డ్రయర్ పెట్టింది.
తెలుపు పసుపై, పసుపు మట్టిరంగై,
జ్వరం విడిచే మనిషిలా చెమటలు కక్కింది వాల్‌నట్.
సొట్టల మీద తడిగుడ్డ, గుడ్డమీద ఇస్త్రీపెట్టె:
చుయ్‌మన్న ప్రతిసారీ
నలిగిన పోగొకటి లేచి కూర్చుంది.

మిగిలింది ఒక్క మరక.
ట్రిగ్గరు కాపు వెనకాల, బొటనవేలంత, నల్లగా.

"అదే" అన్నాడు ఓస్వాల్డ్ మొదటిరోజే, వేలు తగలనివ్వకుండా చూపించి.
"మా తాత తమ్ముడు ఫ్లోరియాన్. ఆ ఏడు మంచు ముందే పడిందట.
అడవి కాపలాదారు ఇల్లు చేరలేదు.
అది అతని నెత్తురు."
అందుకే చర్చిలో వాళ్లు ఎడమ బల్లమీద, వీళ్లు కుడి బల్లమీద.
అందుకే ఆ ఇంటి తేనె కొనరు,
ఆ ఇంటి శవపేటిక వెనక నడవరు.
"పోతుందా?"
"చూస్తాను."

ఆక్జాలిక్ ఆమ్లం. పంచదారలా కనిపించే విషం.
చేతొడుగులు, వేడినీళ్లు, బ్రష్షుతో ఒకే ఒక్క పూత.
గడియారం కేసి తలెత్తేలోపు
లోయలో మంచు విడినట్టు విడిపోయింది.

మిల్కా మురిసిపోలేదు.
అలా మాట వినేది ఒక్కటే రకం మరక.
స్క్రూ విప్పి వెలుగులో పట్టుకుంది: మర చుట్లన్నీ తుప్పు తినేసింది.
ఏ కారే కప్పు కిందో మేకుకి వేలాడి,
ఇనుమూ, తడీ, కర్రలోని వగరూ కలిసి
కరక్కాయ రసంలో అన్నభేది వేసినట్టు
సిరా అయ్యాయి.
ఎవరూ రాయని అక్షరం.
మూడు తరాలు కూర్చుని చదువుకున్నారు.

శనివారం వచ్చాడు.
ఆమె ఏమీ వివరించకుండా స్క్రూని అతని అరచేతిలో పెట్టింది.
"నెత్తురు కాదు. తుప్పు."
చాలాసేపు దాన్ని దొర్లించాడు.
"నెత్తుర్లోనూ ఇనుమే కదా?"
"ఉంటుంది."
"అయితే?"
"అయితే నాకు తెలీదు. కర్ర చెప్పేది ఇంతవరకే."

గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు.
"మళ్లీ పెట్టగలవా దాన్ని?"
"ఇనుప రజను, వెనిగర్. ఒక్క రాత్రి పని."
నవ్వబోయి మానేశాడు.
స్క్రూ జేబులో వేసుకుని, తుపాకిని అక్కడే వదిలేసి,
"ఆదివారం దాటనీ, చెప్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం ముందు చెక్కకి మాత్రం
అవిసె నూనె పట్టించింది, అరచేయి వేడెక్కేదాకా.
మరక ఉన్న చోటు, మరక లేని చోటు,
పొడిగానే ఉంచింది.

నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేయకూడదు.
ఎవరూ నిప్పు పెట్టక్కర్లేదు,
నడిరాత్రి తనంతట తనే అంటుకుంటుంది.
బయటికి తీసుకెళ్లి, నాలుగు కొసలూ లాగి
కంచె మీద పరిచింది,
ఆ తలనొప్పి గాలికి.